నావికుల నక్షత్రం పచ్చబొట్టు: గీత నుంచి గాయం మానేదాకా నా అనుభవం

ఐదు కొనలు. ప్రతి కొనా నిలువునా రెండు సగాలు. ఒక సగం నలుపు, రెండో సగం ఖాళీ చర్మం, లేదంటే ఏదో ఒక రంగు. నాటికల్ స్టార్ టాటూలో ఉన్నదంతా ఇదే. రేవు ఊళ్ళో టాటూలు వేసేవాళ్ళ దగ్గరికి మర్చంట్ నేవీ కుర్రాళ్ళు, డిఫెన్స్ ఉద్యోగాలకు తయారయ్యేవాళ్ళు, ఏ ఓడా ఎక్కని కాలేజీ పిల్లలు కూడా వచ్చి అడిగే బొమ్మ ఇది. చూస్తే చాలా తేలిక అనిపిస్తుంది. వేసే చేతికి మాత్రం చిన్న బొమ్మల్లో ఇంత కష్టమైనది ఇంకొకటి లేదని నా అభిప్రాయం. గులాబీ రేకు అర మిల్లీమీటరు పక్కకు పోయినా ఎవరికీ తెలియదు. ఈ నక్షత్రంలో ఒక్క గీత అంత తప్పితే చాలు, చూసేవాళ్ళ కన్ను నేరుగా అక్కడికే వెళ్తుంది.

ఎన్ని కొనలు ఉండాలి, ఏ సగం నల్లగా ఉండాలి, మధ్య గీత ఎంత పదునుగా రావాలి, ఒంటి మీద ఎక్కడ వేయాలి? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు బొమ్మ పుట్టుకలోనే ఉన్నాయి. అందుకే వచ్చినవాళ్ళను ముందు కూర్చోబెట్టి ఆ మాటలు మాట్లాడాకే కాగితం తీస్తాను.

చాలామంది దీన్ని దిక్సూచి బొమ్మ అనుకుంటారు. అది సగమే నిజం. పాత సముద్ర పటాల మీద దిక్కులు చూపడానికి ఒక చక్రం గీసేవారు. దాన్ని కంపాస్ రోజ్ అంటారు. 1375 నాటి కాటలాన్ అట్లాస్‌లో ఉన్న చక్రాన్ని పటాల మీద కనిపించే తొలి కంపాస్ రోజ్‌గా చరిత్రకారులు లెక్కిస్తారు. 1504 ప్రాంతంలో పోర్చుగీసు పటాల చిత్రకారుడు పెద్రో రైనెల్ ఉత్తరం కొన మీద లిల్లీ పువ్వు గుర్తు పెట్టాడు. ఆ గుర్తు ఇప్పటికీ వాడుకలో ఉంది. ఓడ దిక్సూచి బిళ్ళ మీద 32 దిక్కులుంటాయి, ఒక్కో దిక్కుకీ మధ్య 11.25 డిగ్రీలు. ఈ చక్రాల్లో కొనను నిలువునా చీల్చి, ఒక పక్క నలుపు నింపి రెండో పక్క వదిలేస్తారు. నలుపూ తెలుపూ కలిసే ఆ అంచే అసలు దిక్కు. ఒంటరి గీత కన్నా నలుపు తెలుపుల సరిహద్దును కన్ను తొందరగా పట్టుకుంటుంది. ఊగే ఓడలో, మసక దీపం కింద పటం చూసేవాడికి అది చాలా అవసరం.

అయితే కంపాస్ రోజ్‌కు 4, 8, 16, 32 ఇలా కొనలుంటాయి. ఐదు ఉండవు, ఉండలేవు కూడా. నాలుగు దిక్కులను ఐదు కొనలతో చూపించడం కుదిరే పని కాదు. కాబట్టి ఐదు కొనల నాటికల్ స్టార్‌ను నేను దిక్సూచి అనను. ఆకాశంలో ఉన్న నక్షత్రానికి దిక్సూచి నీడలు అద్దిన బొమ్మ అంటాను. ఆ నక్షత్రం మన ధ్రువ నక్షత్రమే.

దానికే ఆ గౌరవం ఎందుకంటే, ఉత్తరార్ధగోళంలో ధ్రువ నక్షత్రం క్షితిజం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో కనిపిస్తే, చూసేవాడున్న అక్షాంశం దాదాపు అన్ని డిగ్రీలే. విశాఖలో అది సుమారు 17.7 డిగ్రీల ఎత్తున ఉంటుంది. లండన్‌లో 51.5 డిగ్రీలు. రేఖాంశం కొలిచే నమ్మకమైన గడియారాలు రాని రోజుల్లో, ఇంటిముఖం పట్టిన ఓడ తన రేవు అక్షాంశానికి సరిపడే ఎత్తుకు నక్షత్రం వచ్చేదాకా ఉత్తరానికో దక్షిణానికో సాగేది. ఆ తర్వాత ఆ ఎత్తు తప్పకుండా చూసుకుంటూ తూర్పుకో పడమరకో వెళ్తే రేవు దొరికేది. 'ఇంటి దారి చూపే చుక్క' అని ఈ టాటూకు చెప్పే అర్థం కవిత్వం కాదు. నావికులు రోజూ చేసిన పని అది.

ధ్రువుడు కదలడని మనం పెళ్ళిళ్ళలో అరుంధతితో పాటు చూపిస్తాం. నిజానికి ఆ నక్షత్రం కూడా ఆకాశపు ధ్రువ బిందువు చుట్టూ చిన్న వలయం తిరుగుతుంది. కొలంబస్ బయలుదేరిన 1492లో ఆ బిందువుకు సుమారు 3.5 డిగ్రీల దూరంలో ఉండేది. ఆనాటి నావికులు రాత్రి వేళను బట్టి ఆ తేడాను కూడుకునో తీసేసో లెక్క కట్టేవారు. ఇప్పుడు దూరం ఒక డిగ్రీలో మూడింట రెండు వంతులే. 2100 ప్రాంతంలో మరీ దగ్గరవుతుంది. భూమధ్యరేఖ దాటితే అసలు కనిపించదు. 1470ల్లో పోర్చుగీసు ఓడలు ఆఫ్రికా వెంట ఆ రేఖ దాటాక, సూర్యుడి ఎత్తుతో అక్షాంశం కట్టే పట్టికలు తయారు చేసుకోవలసి వచ్చింది. స్థిరత్వం అనే అర్థంతో ఈ బొమ్మ వేయించుకునేవాళ్ళకు ఇదంతా చెబుతాను. విన్నాక మనసు మార్చుకున్నవాళ్ళు తక్కువ, ఇష్టం పెరిగినవాళ్ళే ఎక్కువ.

ఓడ మనుషుల ఒంటి మీదికి పచ్చబొట్టు ఎలా వచ్చిందన్నది వేరే దారి. 1769లో కెప్టెన్ కుక్ ఓడ ఎండీవర్ తాహితీ చేరినప్పుడు, అక్కడివాళ్ళ 'తతావు' గురించి జోసెఫ్ బ్యాంక్స్ తన దినచర్యలో రాసుకున్నాడు. ఓడవాళ్ళలో కొందరు వేయించుకున్నారు. అంతకుముందు యూరప్‌లో పచ్చబొట్లు లేవని కాదు. జెరూసలేం యాత్రకు పోయినవాళ్ళు శిలువ పొడిపించుకుని తిరిగొచ్చేవారు. 1796లో అమెరికా తన నావికులకు గుర్తింపు పత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. సముద్రం మీద బ్రిటిష్ నౌకాదళం వాళ్ళను పట్టుకుని బలవంతంగా తన కొలువులో కలిపేసుకునేది కాబట్టి ఆ అవసరం వచ్చింది. ఆ పత్రాల్లో మచ్చలతో పాటు పచ్చబొట్లూ రాసేవారు. బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకు పంపిన ఖైదీల వర్ణన పుస్తకాల్లో లంగరు, సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు కనిపిస్తాయి. అప్పట్లో నాలుగైదు సూదులు పుల్లకు కట్టి, దీపపు మసో తుపాకీ మందో కలిపి పొడిచేవారు. 1891 డిసెంబరు 8న న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ విద్యుత్ టాటూ మెషీన్‌కు పేటెంటు పొందాడు. ఎడిసన్ 1876లో పేటెంటు తీసుకున్న కరెంటు కలం దానికి ఆధారం. సగం నలుపు, సగం తెలుపు, కత్తి అంచు లాంటి గీత ఉన్న ఈ నక్షత్రాన్ని గంటలోపు వేయగలగడం మెషీన్ వచ్చాకే సాధ్యమైంది. పుల్లకు కట్టిన సూదులతో అంత నున్నని గీత తీయాలంటే చాలా ఓపిక కావాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హొనలూలూ హోటల్ స్ట్రీట్‌లో నావికులకు టాటూలు వేసిన నార్మన్ కాలిన్స్, అంటే సెయిలర్ జెర్రీ, 1911లో పుట్టి 1973లో పోయాడు. లావు నల్ల గీత, నాలుగైదు రంగులు, ఎక్కువ ఖాళీ చర్మం అనే ఆ తరం పద్ధతే నేటికీ ఈ బొమ్మకు నప్పుతుంది.

'ఓడ ఎక్కకుండా వేయించుకోవచ్చా?' అని అడిగేవాళ్ళుంటారు. నావికుల పచ్చబొట్లలో కొన్ని సంపాదించుకోవలసినవి. స్వాలో అనే చిన్న పక్షి అంటే 5,000 నాటికల్ మైళ్ళు తిరిగిన గుర్తు. తాబేలు అంటే భూమధ్యరేఖ దాటినట్టు. లంగరు అంటే అట్లాంటిక్ దాటినట్టు. నక్షత్రానికి అలాంటి లెక్క లేదు. అది కోరిక, క్షేమంగా తిరిగి రావాలనే కోరిక. ఎవరైనా వేయించుకోవచ్చు. తిరగని దూరానికి స్వాలో వేయమంటే మాత్రం ఒప్పుకోను.

ఒకే బొమ్మకు వేరే చోట్ల వేరే అర్థాలున్నాయి, అవీ తెలిసి ఉండాలి. 1950ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో శ్రామిక వర్గపు లెస్బియన్ మహిళలు కొందరు మణికట్టు మీద నీలి నక్షత్రం వేయించుకునేవారు. పగలు గడియారం కింద దాచుకుని, రాత్రి తమవాళ్ళ మధ్య చూపించుకునే గుర్తు. చరిత్రకారులు ఆ మహిళల మాటల్లోనే దీన్ని నమోదు చేశారు. 1990ల నుంచి పంక్ రాక్ కుర్రకారు మోచేతుల మీద, భుజాల మీద ఇదే నక్షత్రాన్ని తొడుక్కున్నారు. అక్కడ దాని అర్థం సొంత దారి. వీటితో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఎనిమిది కొనల నక్షత్రంతోనే. సోవియట్, రష్యన్ జైళ్ళలో రెండు భుజాల కింద, కాలర్ ఎముక దగ్గర ఎనిమిది కొనల నక్షత్రాలుంటే నేరస్థుల్లో పెద్ద హోదా అని అర్థం. మోకాళ్ళ మీద ఉంటే ఎవరి ముందూ మోకరిల్లనని అర్థం. హోదా లేనివాడు వేయించుకుంటే తోటి ఖైదీలే శిక్షించేవారు. ఆ బొమ్మలోనూ కొన సగం నలుపు, సగం తెలుపు. గూగుల్‌లో చూసి అదే నాటికల్ స్టార్ అనుకుని ఫోటో తెచ్చేవాళ్ళు ఉన్నారు. రష్యన్, ఉక్రెయిన్ సిబ్బందితో కలిసి ఓడల్లో పనిచేయబోయే కుర్రాడికి భుజాల మీద ఎనిమిది కొనల జత వేయడం నాకు సమ్మతం కాదు.

చోటు విషయంలో ఇంకా ముఖ్యమైనది ఉద్యోగం. ఇండియన్ నేవీ నియామకాల్లో శాశ్వత పచ్చబొట్టుకు అనుమతి ఉన్నది మోచేతి మడత నుంచి మణికట్టు దాకా ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనుక వైపు మాత్రమే. గిరిజన సంప్రదాయాలకు వేరే సడలింపు ఉంటుంది. కేంద్ర సాయుధ పోలీసు బలగాల నిబంధన ఇంకా ఇరుకు. ఎడమ ముంజేయి లోపలి వైపో చేతి వెనుకో ఉండాలి, ఆ భాగంలో నాలుగో వంతుకు మించకూడదు, బొమ్మ మీద కూడా షరతులున్నాయి. భుజం మీద నక్షత్రంతో మెడికల్‌కు వెళ్తే అక్కడితో ఆగిపోతుంది. పరీక్షలకు తయారయ్యే వయసు వాళ్ళు వస్తే, రాయబోయే ఉద్యోగం తాజా నోటిఫికేషన్ చదివి రమ్మని పంపిస్తాను. ఆ రోజు బేరం పోయినా పరవాలేదు.

ఇక కొలత. 'అన్నా, చిన్నగా వేయి, రూపాయి బిళ్ళంత చాలు' అనేది ఎక్కువగా వినే మాట. చాలదు. కారణం లెక్కలో ఉంది. ఐదు కొనల నక్షత్రంలో కొన కోణం 36 డిగ్రీలు. మధ్య గీత దాన్ని 18, 18గా చీలుస్తుంది. గీత మందం 0.6 మిల్లీమీటర్లు అనుకుంటే, కొన నుంచి దాదాపు 2 మిల్లీమీటర్ల దాకా బయటి గీత, మధ్య గీత కలిసిపోయి ఖాళీ సగం కనిపించదు. చర్మంలో ఇంకు ఏళ్ళ తరబడి మెల్లగా పాకుతుంది. గీత రెట్టింపు లావైతే దాదాపు 4 మిల్లీమీటర్లు పూడిపోతుంది. అడ్డంగా 2 సెంటీమీటర్లున్న నక్షత్రంలో కొన అంచు పొడవే 7 మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే సగానికి పైగా నల్లముద్ద. అదే 5 సెంటీమీటర్ల నక్షత్రంలో అంచు 18 మిల్లీమీటర్లు. 4 మిల్లీమీటర్లు పోయినా బొమ్మ బొమ్మలాగే నిలుస్తుంది. 4 సెంటీమీటర్లకు తక్కువైతే సగం నీడలు మానేసి ఉత్త నక్షత్రం వేయించుకోవడం మంచిది.

కాగితం మీద గీయడం ఇలా. 25 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం. దాని మీద పై నుంచి మొదలుపెట్టి ప్రతి 72 డిగ్రీలకు ఒక చుక్క, మొత్తం ఐదు. ఒకటి విడిచి ఒకటి కలుపుతూ పోతే నక్షత్రం వస్తుంది, లోపలి మూలలు వాటంతట అవే పడతాయి. ఆ మూలలు కేంద్రం నుంచి 9.5 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి, అంటే వ్యాసార్ధానికి 0.382 రెట్లు. కంటి అంచనాతో గీసేవాళ్ళు దీన్ని సగం దాకా పెంచేస్తారు. అప్పుడు కొనలు పొట్టిగా, బొద్దుగా తయారవుతాయి. 0.3కు తగ్గిస్తే ముళ్ళలా సన్నబడి, పైన చెప్పిన పూడిక ఇంకా ఎక్కువవుతుంది. తర్వాత ప్రతి కొన నుంచి కేంద్రం మీదుగా ఎదుటి లోపలి మూల దాకా నేరుగా గీత. ఇలాంటివి ఐదే గీతలు, పొడవు 34.5 మిల్లీమీటర్లు. వాటితో పది త్రిభుజాలు ఏర్పడతాయి. ఒకటి నలుపు, ఒకటి ఖాళీ, ఇలా వరుస తప్పకుండా నింపాలి. పై కొనలో కుడి సగం నలుపైతే, చుట్టూ తిరుగుతూ, కేంద్రం నుంచి కొన వైపు చూసినప్పుడు ప్రతి కొనలోనూ అదే చేతి వైపు నలుపు. వెలుగు ఒక పక్క నుంచి పడుతున్నట్టు ఊహించుకుని, అన్ని కొనల్లోనూ చూసేవాళ్ళకు కుడి వైపున్న సగమే నింపారంటే రెండు నలుపులు పక్కపక్కన పడి వాటి మధ్య సరిహద్దు మాయమైపోతుంది. అందుకే స్టెన్సిల్‌లోనే, అంటే చర్మం మీద అంటించి గీతలు దింపే కాగితంలోనే, నల్ల త్రిభుజాల్లో అడ్డగీతలు కొట్టి పెట్టుకోవాలి. మెషీన్ మోగడం మొదలయ్యాక గుర్తుంచుకోవడం మీద ఆధారపడకూడదు.

చర్మం మీద వెంట్రుకలను కొత్త రేజరుతో తీసి, సబ్బు నీటితో తుడిచి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్ళీ తుడుస్తాను. అది పూర్తిగా ఆరాక స్టెన్సిల్ జెల్ పలుచగా రాసి కాగితం అంటిస్తాను. అంటించేటప్పుడు మనిషి నిలబడి, చేతులు వదులుగా కిందికి వేలాడదీయాలి. బల్ల మీద పరిచిన ముంజేతి మీద నిటారుగా అంటించిన నక్షత్రం, లేచి నిలబడగానే పక్కకు తిరిగిపోతుంది. ముంజేతి ఎముకలు రెండూ ఒకదాని మీద ఒకటి మెలితిరిగే తీరే అంత. పై కొన మోచేతి వైపు ఉండాలి. చేయి వేలాడినప్పుడు చూసేవాళ్ళకు అది పైకి కనిపించాలి. అద్దంలో చూపించి, నచ్చకపోతే తుడిచి మళ్ళీ అంటించాలి. అంటించాక 10 నుంచి 15 నిమిషాలు ఆరనివ్వాలి. ఆరని స్టెన్సిల్ మూడో గీతకే చెరిగిపోతుంది. మెలిక ఎక్కువగా ఉండే మణికట్టు, మోచేతి చిప్ప మీద ఈ బొమ్మను వీలైనంత వరకు వద్దంటాను. చిప్ప మీద చర్మం మందం, ముడతలు ఎక్కువ, ఇంకు అతుకులు అతుకులుగా మిగులుతుంది.

గీతలకు 7 సూదులు గుండ్రంగా కట్టిన లైనర్, సూది మందం 0.35 మిల్లీమీటర్లు. 5 సెంటీమీటర్ల బొమ్మకు ఇది సరిపోతుంది. పెద్దదైతే 9 సూదులది. రోటరీ మెషీన్‌లో నేను 7.5, 8 వోల్టుల మధ్య వాడతాను. కానీ అంకె కన్నా చేతి వేగానికీ సూది వేగానికీ పొత్తు కుదరడం ముఖ్యం. చేయి ముందుకు పరిగెడితే గీత చుక్కలుగా వస్తుంది, వెనకబడితే చర్మం చిరుగుతుంది. లోతు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల లోపు. అంతకన్నా దిగితే ఇంకు చర్మం కింది కొవ్వులోకి పోయి, తడి బట్ట మీద సిరా పాకినట్టు గీత చుట్టూ నీలి నీడ పరుచుకుంటుంది. దీన్నే బ్లోఅవుట్ అంటారు. ముంజేతి లోపలి చర్మం పలుచన కాబట్టి అక్కడ ఇది తొందరగా జరుగుతుంది.

కింది కొనతో మొదలుపెట్టి పైకి వెళ్తే, తుడిచే చేయి ఇంకా వేయని స్టెన్సిల్ మీద పడదు. ముందు బయటి పది అంచులు, ఆ తర్వాత మధ్య గీతలు. ఈ గీతలు ఐదు వేర్వేరు వాలుల్లో ఉంటాయి. చాలామంది మణికట్టు వంచి అన్నిటినీ ఒకే కూర్చోవడంలో లాగేస్తారు. వంకర గీతలకు అసలు కారణం అదే. గీత గీతకూ వేయించుకునేవాళ్ళ చేయి తిప్పాలి, లేదా మనమే కుర్చీ జరుపుకోవాలి. ఎడమ చేత్తో చర్మాన్ని ఆ గీత వాలులోనే బిగపట్టాలి. కొన దగ్గర రెండు అంచులు కలిసేచోట సూదిని రెండుసార్లు దించకూడదు. మొదటి గీత కొన చేరుతుండగా చేయి తేలిక చేసి ఎత్తేయాలి, రెండో గీత సరిగ్గా అక్కడికి వచ్చి ఆగాలి. అదే చోట రెండుసార్లు గుచ్చితే కొన గుండ్రంగా ఉబ్బుతుంది.

కేంద్రం ఇంకా కష్టం. ఐదు గీతలూ ఒకే చుక్క మీదుగా పోతే అక్కడి చర్మం ఐదుసార్లు చితుకుతుంది. చెక్కు మందంగా కట్టి, ఊడినప్పుడు ఇంకును కూడా లాక్కుపోతుంది, లేదా ముద్దగా పాకిపోతుంది. అందుకే నేను గీతను కేంద్రానికి ఒక మిల్లీమీటరు ముందే ఎత్తి, అవతలి పక్క ఒక మిల్లీమీటరు వదిలి మళ్ళీ దించుతాను. మధ్యలో మిగిలిన ఆ చిన్న వలయాన్ని చివర్లో 3 సూదుల లైనర్‌తో నల్ల త్రిభుజాల మొనలు నింపుతూ పూర్తి చేస్తాను. దూరం నుంచి చూస్తే పది గీతలూ ఒక్క బిందువులో కలిసినట్టే ఉంటుంది.

నలుపు నింపడానికి వంపు తిరిగిన 9 సూదుల మ్యాగ్నమ్ అనే వెడల్పాటి సూదుల కట్ట. కొనల్లోకి అది పట్టదు కాబట్టి అక్కడ 5 సూదుల గుండ్రని షేడర్. చిన్న చిన్న వలయాలుగా, అంచు నుంచి లోపలికి. ఒక దఫాలోనే నిండాలి. ఎర్రగా వాచిన చర్మం మీద మళ్ళీ మళ్ళీ తిప్పితే నలుపు పెరగదు, మచ్చ పడుతుంది. చిన్న తెల్ల చుక్కలు మిగిలితే వదిలేసి, మానాక నింపడమే తెలివి. పూర్తి నలుపు వద్దు, నీడలు కావాలంటే, మధ్య గీత దగ్గర చిక్కగా మొదలుపెట్టి అంచు వైపు పలుచన చేస్తూ విసరాలి. తిరగేసి చేయకూడదు. మధ్య సరిహద్దు పదును తగ్గితే కంపాస్ రోజ్ నుంచి వచ్చిన గుణమే పోతుంది.

మన చర్మపు రంగుల మీద రెండో సగం ఖాళీగా వదలడమే అందం. తెల్ల ఇంకు కొన్నాళ్ళకు మన రంగు కిందికి దిగి పాలిపోయిన పసుపుగా మారుతుంది. రంగు కావాలనేవాళ్ళకు పాత నావికుల పద్ధతిలో నలుపు, ఎరుపు జత బాగుంటుంది. అయితే టాటూ అలర్జీలు ఎక్కువగా కనిపించేది ఎరుపుతోనే. పూర్వం పాదరసం ఉండే ఇంగిలీకం వాడేవారు. ఇప్పటి ఎరుపులు సేంద్రియ రంగులే అయినా దురద, గడ్డలు కొందరికి తప్పవు. నీలం, ఆకుపచ్చల సంగతికొస్తే, యూరోపియన్ యూనియన్ 2022 జనవరిలో టాటూ ఇంకుల మీద కట్టడి పెట్టి, బాగా వాడుకలో ఉన్న బ్లూ 15:3, గ్రీన్ 7 పిగ్మెంట్లను 2023 జనవరి నుంచి ఆపేసింది. సీసా మీద పిగ్మెంటు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూపించమని అడిగే హక్కు వేయించుకునేవాళ్ళది. నల్ల ఇంకు మట్టుకు కర్బనమే. అది నల్లగానే ఉంటుంది, కానీ పై చర్మం గుండా చూసినప్పుడు వెలుగు చెదిరే తీరు వల్ల ఏళ్ళు గడిచాక నీలి ఆకుపచ్చగా కనిపిస్తుంది. మన అమ్మమ్మల చేతుల మీద జాతరలో పొడిపించుకున్న చుక్కలు ఆ రంగులో ఉండడానికి కారణం అదే.

శుభ్రత గురించి రాజీ లేదు. సూది కార్ట్రిడ్జ్ కళ్ళ ముందే చింపి తీయాలి. ఇంకు కప్పులు ఒక్కరికే. మిగిలింది సీసాలోకి తిరిగి పోయకూడదు. మెషీన్‌కు, తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. నలుపును పలుచన చేయడానికి కుళాయి నీళ్ళు, మినరల్ వాటరు, డిస్టిల్డ్ వాటరు కూడా వద్దు. స్టెరైల్ వాటరే వాడాలి. 2011 చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ముందే కలిపిన బూడిద రంగు ఇంకు వల్ల 19 మందికి మైకోబ్యాక్టీరియం చెలోనే అనే సూక్ష్మజీవి సోకింది. అది నీళ్ళలో బతికే రకం, మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగదు. కొంతమందికి ఛాతీ, భుజాల మీద గాయం మానేటప్పుడు కీలాయిడ్ గడ్డలు లేస్తాయి. చెవి కుట్టినచోట అలా లేచిందేమోనని ముందే అడగాలి. లేచిందంటే టాటూ వద్దు. మధుమేహం అదుపులో లేనివాళ్ళు, రక్తం పలుచనయ్యే మందులు వాడేవాళ్ళు డాక్టరును అడిగి రావాలి. వేయించుకున్నాక మన దేశంలో ఏడాది పాటు రక్తదానం చేయకూడదు, ఇది కూడా ముందే చెప్పాలి.

మానే దశ వేయించుకున్నవాళ్ళ చేతిలో ఉంది. మొదటి రోజు రసి, మిగులు ఇంకు కలిసి కారతాయి, భయపడనక్కర్లేదు. రోజుకు రెండుసార్లు వాసన లేని సబ్బుతో చేత్తోనే కడిగి, టిష్యూతో అద్ది ఆరబెట్టాలి. వాసన లేని మాయిశ్చరైజర్ మెరిసీ మెరవనంత పలుచగా రాయాలి. ఎక్కువ రాస్తే చెక్కు నాని ఇంకు ఊడిపోతుంది. ఐదో రోజు నుంచి రెండు వారాల దాకా పొరలు పొరలుగా రాలుతుంది. ముఖ్యంగా కొనల దగ్గర గోకకూడదు, అక్కడ చిన్న పొర పోయినా బొమ్మ మొన విరిగినట్టే. ఇంట్లో పెద్దవాళ్ళు పసుపు పెడతారు. మానని గాయం మీద పసుపు పొడి, ఇంట్లో వాడే కొబ్బరినూనె రెండూ వద్దు. అవి శుభ్రం చేసిన సరుకు కావు, పైగా ఖాళీ సగం పసుపు పచ్చగా కనిపించి బొమ్మ ఎలా మానుతోందో తెలియదు. అతికించే పారదర్శక ఫిల్మ్ చల్లని ఊళ్ళలో మూడు నాలుగు రోజులు ఉంచుతారు. మన కోస్తా ఉక్కలో దాని కింద చెమట చేరుతుంది. ఒక రోజులో తీసేయడమే మేలు.

సముద్ర స్నానం మూడు వారాలు పూర్తిగా బంద్. బీచ్ పక్కనే ఉండేవాళ్ళకు ఇది కష్టమైన నియమం, కానీ గట్టిగా చెబుతాను. వెచ్చని ఉప్పునీళ్ళలో విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. 2017లో వైద్య పత్రికలో వచ్చిన ఒక కేసులో, టాటూ వేయించుకున్న ఐదో రోజున మెక్సికో గల్ఫ్‌లో ఈత కొట్టిన మనిషి ఆ ఇన్ఫెక్షన్‌తో చనిపోయాడు. అతనికి కాలేయ జబ్బు కూడా ఉంది. ఎరుపు రోజురోజుకీ పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా టాటూ షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్ళీ రమ్మంటాను. అప్పటికి పై చర్మం మెరుపు తగ్గి అసలు రంగు తెలుస్తుంది. చూసేది మూడు చోట్లే: ఐదు కొనల మొనలు, కేంద్రం, మధ్య సరిహద్దులు. నలుపులో చుక్కలు మిగిలితే నింపుతాను, గీత తెగితే కలుపుతాను. ఖాళీ సగం వైపు మాత్రం సూది పోనివ్వను, ఎందుకంటే నలుపును ఎప్పుడైనా కలపగలం, తీయలేం. ఆ తర్వాత బయటికి వెళ్ళేటప్పుడు ఎస్‌పీఎఫ్ 30 పైబడిన సన్‌స్క్రీన్ రాసుకుంటే గీత ఎక్కువ కాలం నిలుస్తుంది. డెక్కు మీద ఎండలో పనిచేసేవాళ్ళు పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే ఇంకా మంచిది. ఏళ్ళ తర్వాత గీతలు లావెక్కినప్పుడు పాత గీత మీదే మళ్ళీ లాగమని అడుగుతారు. అలా చేస్తే లావు ఇంకా పెరుగుతుంది. నల్ల సగాలను మాత్రమే తిరిగి చిక్కగా నింపి, బయటి గీతల జోలికి పోకుండా వదిలేస్తే, ఖాళీ సగాలు పక్కనున్న నలుపు వల్ల మళ్ళీ తేటగా కనిపిస్తాయి.